వెనక్కి పంపినందుకు డబ్బు వాపసు అడగవచ్చా?

కర్నూలులో మా కాలనీలోనే ఉండే ఒక అన్న కిందటి సీజనులో మాతోపాటు, కొండల మీది సరస్సుల మీదుగా సాగే కాశ్మీర్ గ్రేట్ లేక్స్ ట్రెక్‌కు వచ్చి, ఒక్క సరస్సు కూడా చూడకుండా తిరిగి వచ్చారు. మొదటి మజిలీ అయిన నిచ్నాయ్ క్యాంపులో గైడు ఆయనను ఆపి, గుర్రం ఎక్కించి, మేము నడక మొదలుపెట్టిన సోనామర్గ్‌కు పంపించాడు. ఈ మధ్య ఆయన ట్రెక్ నిర్వహించిన సంస్థకు ఒక ఉత్తరం రాసి, పంపే ముందు ఒకసారి చూసిపెట్టమని నాకు ఇచ్చారు. కట్టిన డబ్బులో సగమైనా వాపసు ఇవ్వాలన్నది అందులోని కోరిక. ఆరోగ్యంగా ఉన్న మనిషిని “తోటి సభ్యుడొకరి మాట పట్టుకొని” వెనక్కి పంపారన్నది ఆరోపణ. ఆ తోటి సభ్యుణ్ణి నేనే. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలిసే నాకు ఇచ్చారు కాబట్టి, భాష దిద్ది ఊరుకోకుండా ఆ ఉత్తరంలోని విషయం గురించి చాలా రోజులు ఆలోచించవలసి వచ్చింది.

ఆలోచించగా నాకు తేలింది ఇది: గైడు చేసిన పని సరైనదే, అన్న డబ్బు అడగడమూ సరైనదే. ఈ రెండూ ఒకదానితో ఒకటి పొసగవని మొదట అనిపించింది. ఇప్పుడు మాత్రం, గైడు మాట చెల్లాలంటే ఆ డబ్బు సంగతి తేలక తప్పదని అనుకుంటున్నాను.

ఆ రాత్రి జరిగింది క్లుప్తంగా చెబుతాను. మా గైడు ఆ కొండల్లోనే పుట్టి పెరిగిన కాశ్మీరీ. ప్రతి రాత్రీ వంట టెంటు ముందు తానే గరిటె పట్టుకొని వడ్డించేవాడు. వడ్డించడానికి వేరే మనుషులున్నా ఆ పని ఎవరికీ వదిలేవాడు కాదు, ఎందుకంటే ఎవరి కంచంలో ఎంత మిగిలిందో చూడటం అతని ఉద్యోగంలో భాగం. నిచ్నాయ్‌లో మొదటి రాత్రి అన్న రాజ్మా అన్నాన్ని నాలుగు ముద్దలు కెలికి పక్కన పెట్టారు. ఇంటినుంచి తెచ్చుకున్న చెనిక్కాయల పొడి డబ్బా మూత కూడా తీయలేదు. సోనామర్గ్‌లో అదే డబ్బాను అందరికీ పంచి, గైడు చేత కూడా రుచి చూపించిన మనిషి ఆయన. గైడు కంచం వైపు చూశాడు, డబ్బా వైపు చూశాడు, ఏమీ అనలేదు. అర్ధరాత్రి అన్న టెంటు బయటికి వెళ్ళి రెండుసార్లు వాంతి చేసుకున్నారు. “ఎవురికీ చెప్పొద్దప్పా, తెల్లారేసరికి సర్దుకుంటాది” అన్నారు నాతో. తెల్లవారి గైడు వచ్చి, ఆయనను వదిలేసి నన్ను అడిగాడు. నేను చెప్పాను.

ఉత్తరంలోని వాదనలలో ఒకటి ఇలా ఉంది: గుర్రం మీద దిగి సోనామర్గ్ చేరేసరికి తలనొప్పి పూర్తిగా పోయింది, సాయంత్రం కడుపునిండా భోజనం చేశాను, కనుక నాకు ఏ జబ్బూ లేదని రుజువైంది. ఇది చదివి నవ్వు వచ్చిన మాట నిజం. ఎత్తువల్ల వచ్చే అస్వస్థతకు దిగడమే మందు. దిగగానే తగ్గిందంటే అది ఎత్తు తెచ్చిన బాధే అయి ఉండాలి. ఆయన తనకు అనుకూలమని రాసుకున్న వాక్యం గైడు పక్షాన సాక్ష్యం చెబుతోంది.

రెండో వాదనను మాత్రం అంత తేలికగా తీసివేయలేకపోయాను. వేలికి పెట్టే ఆక్సీమీటరులో ఆ ఉదయం అన్నకు 84 చూపించింది. బెంగళూరునుంచి వచ్చిన ఒక కుర్రవాడికి 82 చూపించింది. 84 ఉన్నవాణ్ణి దింపి, 82 ఉన్నవాణ్ణి పైకి తీసుకుపోవడం ఏ న్యాయమని ఆయన ప్రశ్న. కరోనా కాలంలో మన ఇళ్ళలోకి వచ్చిన ఈ పరికరం 94 కిందికి దిగితే ఆసుపత్రికి పరుగెత్తడం మనకు నేర్పింది. 3,500 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు మూడింట రెండు వంతులే ఉంటుంది కాబట్టి, అక్కడ ఆరోగ్యంగా ఉన్నవారికీ 80ల్లో అంకె రావడం మామూలే. వేళ్ళు చల్లబడితే ఆ అంకె ఇంకా తప్పుతుంది. అందుకే వైద్యులు ఆ అంకె ఒక్కదానినే నమ్మరు. తలనొప్పి, కడుపులో తిప్పడం, నీరసం, కళ్ళు తిరగడం, ఈ నాలుగింటికీ సున్నానుంచి మూడు వరకు మార్కులు వేసి లెక్కకట్టే లేక్ లూయీస్ స్కోరు అనే పద్ధతి ఉంది. తలనొప్పి ఉండి మొత్తం మూడుకు చేరితే ఎత్తు అస్వస్థతగా పరిగణిస్తారు. ఆ కుర్రవాడు 82 తోనే రెండు పళ్ళేల పోహా తిని టెంటు మేకులు పీకుతున్నాడు. అన్నకు తల పగిలిపోతోంది, కడుపులో ఏదీ నిలవడం లేదు.

అయితే ఇదంతా ఆయనకు ఆ ఉదయం ఎవరూ వివరించలేదు. గైడు హిందీ ఆయనకు సగమే అర్థమైంది, ఆయన హిందీ గైడుకు పావు వంతే అర్థమైంది. ఒక మనిషి ఏడాదిపాటు దాచుకున్న సెలవులను, డబ్బును ఒక్క మాటతో రద్దు చేసే అధికారం ఎవరికైనా ఇచ్చినప్పుడు, ఆ మాటకు కారణం కాగితం మీద రాసి ఇవ్వమని అడగడం తప్పు కాదు. ఉత్తరంలో ఈ భాగాన్ని నేను దిద్దలేదు సరికదా, ఇంకొంచెం గట్టిగా రాయమన్నాను.

నిచ్నాయ్ దాటితే

గైడు ఇంకొక్క రోజు చూసి ఉండవచ్చు కదా అని మా బృందంలోనూ కొందరు అన్నారు. విశన్‌సర్ సరస్సు దగ్గర ఎలాగూ ఒక రోజు విశ్రాంతి ఉంది, అక్కడిదాకా తీసుకువెళ్ళి ఉంటే కనీసం ఒక సరస్సయినా చూసేవాడు కదా అన్నది వారి జాలి. ఈ జాలి ఎంత ప్రమాదకరమో ఆ దారి తెలిసినవారికి అర్థమవుతుంది. నిచ్నాయ్ క్యాంపునుంచి సోనామర్గ్‌కు దాదాపు అంతా దిగుడే. గుర్రం మీదయితే మధ్యాహ్నానికి రోడ్డు ఎక్కవచ్చు. క్యాంపు దాటి సుమారు 4,100 మీటర్ల నిచ్నాయ్ కనుమ ఎక్కి అవతలికి దిగామా, ఇక విశన్‌సర్‌నుంచి బయటపడాలంటే ఎటువైపైనా మళ్ళీ ఒక కనుమ ఎక్కాలి. వెనక్కి వస్తే అదే నిచ్నాయ్ కనుమ, ముందుకు పోతే దాదాపు 4,200 మీటర్ల గడ్సర్ కనుమ. దిగితే తగ్గే జబ్బుతో ఉన్న మనిషిని, దిగడానికి ముందు ఎక్కక తప్పని చోటికి చేర్చినట్లవుతుంది. జబ్బు ముదిరి ఊపిరితిత్తులలోనో మెదడులోనో నీరు చేరే స్థితి వస్తే గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. ఆ లోయలలో మా ఫోన్లకు సిగ్నల్ లేదు. మాకు కనిపించిన మనుషులు గొర్రెల మందలతో వేసవికి పైకి వచ్చిన బకర్వాల్ కుటుంబాలు, దారిలో ఆధార్ కార్డు చూసి పేర్లు రాసుకునే సైనికులు, అంతే.

కాబట్టి నిచ్నాయ్ దగ్గరి ఆ ఉదయమే ఆ దారి మొత్తానికి అసలైన గడప. అక్కడ అనుమానం వస్తే, అనుమానం మీదనే వెనక్కి పంపాలి.

ఇక్కడే సంస్థవారిని అడగవలసిన ప్రశ్న కూడా ఉంది. 3,000 మీటర్లు దాటిన తర్వాత, రాత్రి పడుకునే చోటి ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని పర్వత వైద్యుల సలహా. సోనామర్గ్ సుమారు 2,700 మీటర్లు, నిచ్నాయ్ క్యాంపు సుమారు 3,500. అంటే నడక మొదలైన మొదటి రాత్రికే శరీరం మీద 800 మీటర్ల ఎత్తు పడుతోంది. అంతకు ముందు రోజే మేము శ్రీనగర్‌నుంచి, అంటే సుమారు 1,600 మీటర్లనుంచి, జీపులో వచ్చాము. దానికి ముందు ఏముంది? సముద్రమట్టానికి 300 మీటర్లు కూడా లేని మన కర్నూలు, ఆ తర్వాత హైదరాబాదు, విమానం. విశ్రాంతి రోజును ప్రయాణ పట్టికలో విశన్‌సర్ దగ్గర పెట్టారు. అక్కడ సరస్సు ఉంది, పక్కనే కిషన్‌సర్ అనే ఇంకొక సరస్సు ఉంది, ఫొటోలు బాగుంటాయి. శరీరానికి ఆ రోజు కావలసింది సోనామర్గ్‌లో. అక్కడ ఒక రోజు ఎక్కువ ఉంచితే హోటలు ఖర్చు పెరుగుతుంది, సెలవు ఒకటి ఎక్కువ పెట్టాలి, పక్క సంస్థ ఒక రోజు తక్కువలో పూర్తి చేయిస్తానంటే జనం అటే పోతారు. ఈ బేరంలో మన వాటా కూడా ఉందని ఒప్పుకోవాలి, వారాంతాలు కలుపుకొని తొమ్మిది రోజుల్లో తిరిగి రావాలని పట్టుబట్టేది మనమే. అయినా, పట్టిక వేసింది సంస్థ. ఆ పట్టిక ప్రకారం నడిచి జబ్బు పడిన మనిషికి “నీ శరీరం తట్టుకోలేదు, మా బాధ్యత లేదు” అని చెప్పడం సగం నిజమే అవుతుంది.

శ్రీశైలం నడిచినవారి ధీమా

అన్నను నిచ్నాయ్‌లో అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది తలనొప్పి కాదు. “శ్రీశైలం నడ్సినోన్నప్పా నేను. ఈ పిల్లోల్ల కంటె నేను తక్కువా?” అని ఆయన ఆ ఉదయం పదేపదే అన్నారు. ఈ మాటను మన జిల్లాల బయటివారు అర్థం చేసుకోలేరు. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురంనుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరే నల్లమల దారిలో శివరాత్రికి మనవాళ్ళు, ఉగాదికి కన్నడ భక్తులు నడుస్తారు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా తలచి ఎండలో కర్ణాటకనుంచి నడిచివచ్చే ఆ జనానికి దారి పొడుగునా ఊళ్ళవాళ్ళు మజ్జిగ, అన్నం పెట్టడం చూస్తూ పెరిగిన మనకు, నడక అంటే మొక్కు. మొక్కుకున్నవాణ్ణి మధ్యలో ఎవరూ ఆపరు. ఆపినవాడికి పాపం. కాళ్ళు బొబ్బలెక్కినా, జ్వరం వచ్చినా, ఇద్దరు చెరో రెక్క పట్టుకొని కైలాసద్వారం దాటిస్తారు.

నాకు ఆ సంప్రదాయం మీద గౌరవం ఉంది. నేనూ ఆ మెట్లు దిగినవాణ్ణే. కానీ ఆ దారి నేర్పిన ఓర్పు నిచ్నాయ్‌లో పనికిరాదు. పనికిరాకపోవడమే కాదు, ఎదురు తిరుగుతుంది. నల్లమలలో మనిషిని పడగొట్టేవి ఎండ, దాహం, అలసట. వాటిని పళ్ళ బిగువున కొంతదూరం లాగవచ్చు, నీడ, నీళ్ళు దొరికితే కోలుకోవచ్చు. ఎత్తు అలా కాదు. కర్నూలు దగ్గరి జగన్నాథగట్టు రోజూ పొద్దున్నే పరుగున ఎక్కి దిగినా గుండెకూ కాళ్ళకూ బలం వస్తుందే కానీ, తక్కువ గాలిలో బతకడం శరీరానికి అలవాటు కాదు. ఆ అలవాటు ఆ ఎత్తులోనే, నిదానంగా, రోజుల మీద వస్తుంది. ఎవరికి త్వరగా వస్తుందో, ఎవరికి రాదో వయసును, దేహదారుఢ్యాన్ని బట్టి ముందుగా చెప్పలేరు. బాగా సాధన చేసి వచ్చినవారు తమ మీద నమ్మకంతో తొందరగా నడిచి ముందు పడిపోవడమూ జరుగుతుంది. వెనక్కి పంపడాన్ని అవమానంగా తీసుకోవడానికి ఈ లెక్కలో చోటే లేదు. కానీ మొక్కు మనసుతో వెళ్ళినవాడికి అది అవమానంగానే తగులుతుంది, తగిలిన వెంటనే తలనొప్పిని దాచడం మొదలవుతుంది.

దాచడం ఇంకా ముందే మొదలవుతుందేమో కూడా. ట్రెక్‌కు డాక్టరు సర్టిఫికెట్ తప్పనిసరి. మన ఊళ్ళో అది ఎలా పుడుతుందో అందరికీ తెలిసిందే. తెలిసిన డాక్టరు, “బాగున్నావు కదా?” అనే ప్రశ్న, సంతకం. బీపీ మాత్ర వేసుకునే సంగతి ఫారంలో రాస్తే తీసుకోరేమోనని రాయనివారు మా బృందంలోనే ఉన్నారు. ఎత్తు అస్వస్థత రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి ఒకరికొకరు సలహా చెప్పుకున్నాము కానీ, సల్ఫా మందులు పడనివారు దాని విషయంలో డాక్టరును అడగాలన్న సంగతి గైడు చెప్పేవరకు ఎవరూ ఎత్తలేదు.

2024 జూన్‌లో ఉత్తరకాశీ జిల్లా సహస్రతాల్ దారిలో జరిగింది మనకు అంత దూరపు వార్త కాదు. అదీ ఎత్తయిన సరస్సుల ట్రెక్కే. 22 మంది బృందం మంచు తుఫానులో చిక్కుకుంది. వారిలో 9 మంది, బెంగళూరునుంచి వెళ్ళినవారు, ఆ చలిలో చనిపోయారు. అనంతపురంలో, కర్నూలులో బెంగళూరుతో సంబంధం లేని ఇల్లు అరుదు కాబట్టి ఆ వారమంతా ఎక్కడ కూర్చున్నా అదే మాట. వాతావరణం చూసుకోకుండా ఎందుకు తీసుకువెళ్ళారు, గైడులు ఎందుకు ఆపలేదు, అని అందరమూ అడిగాము. ఆ సంఘటనకూ అన్న తలనొప్పికీ పోలిక లేదు, ఒకటి తుఫాను, ఇంకొకటి ఒంటి బాధ. కానీ ఆ రోజు “ఎందుకు ఆపలేదు” అని అడిగినవారిలో అన్న కూడా ఉన్నారు, నాకు బాగా గుర్తు. గైడు ఆపితే డబ్బు వాపసు అడుగుతాము, ఆపకపోతే ప్రాణానికి జవాబు అడుగుతాము. ఇంత మందిని వెంట పెట్టుకొని కనుమ కింద నిలబడిన మనిషి ఈ రెండింటి మధ్య నిర్ణయం చేయాలి.

డబ్బు మాట

ఇంత చెప్పి డబ్బు వాపసు ఎందుకు ఇవ్వాలంటున్నానో వివరించాలి. వాపసు ఇవ్వకూడదన్న వాదనలో బలం లేకపోలేదు. అన్న నిచ్నాయ్‌లో ఆగిపోయినా ఆయన పేర కొన్న బియ్యం, గుర్రం మీద మోసిన టెంటు, వంటవాళ్ళ కూలి, గైడు జీతం ఏవీ తగ్గలేదు. పైపెచ్చు ఆయనను దింపడానికి ఒక గుర్రాన్ని, ఒక మనిషిని అదనంగా పంపారు. దాని ఖర్చు ఆయన దగ్గరే వసూలు చేశారు, అది వేరే సంగతి. డబ్బు వాపసు వస్తుందని తెలిస్తే వాన పడినా, బూటు కరిచినా తలనొప్పి అని దిగిపోయేవారు ఉంటారని సంస్థవారు అంటారు. ఉండవచ్చు.

కానీ అర్ధరాత్రి టెంటు బయట వాంతి చేసుకుంటున్న మనిషి మనసులో ఏముందో నేను పక్కనే ఉండి విన్నాను. సరస్సుల మాట రెండోది, డబ్బు మాట మొదటిది. చెబితే అంతా పోతుంది, చెప్పకపోతే ఏమో నిలబడుతుందేమో. ఇప్పుడున్న నియమం నిజం చెప్పినవాడికి జరిమానా వేస్తోంది. లేక్ లూయీస్ స్కోరు మొత్తం మనిషి చెప్పే మాట మీదనే ఆధారపడింది, తలనొప్పిని కొలిచే పరికరం ఎవరి దగ్గరా లేదు. ఆ మాటే అబద్ధమైతే గైడు దగ్గర మిగిలేది కంచం, పొడి డబ్బా, టెంటులో పక్కన పడుకున్నవాడి సాక్ష్యం. ప్రతి టెంటులోనూ చెప్పేవాడు ఉండడు. నేను కూడా, అడగకపోతే, వెళ్ళి చెప్పేవాణ్ణో కాదో.

దీనికి ఎదురు వచ్చే అభ్యంతరాలలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఒకటుంది. వాపసు సంస్థ జేబులోనుంచి పోయేటట్లయితే, రేపు ఆఫీసులో కూర్చున్నవారు గైడును “ఇంత మందిని ఎందుకు దింపావు” అని అడుగుతారు. ఇప్పుడు ట్రెక్కరు దాస్తున్నాడు, అప్పుడు గైడు చూసీ చూడనట్లు ఊరుకుంటాడు. అది ఇంకా ఘోరం. అందుకని ఆ డబ్బు సంస్థ లాభంలోనుంచి కాక, బృందంలో చేరే ప్రతి ఒక్కరి దగ్గరా ముందే కొంత అదనంగా తీసుకొని వేరుగా ఉంచిన నిధినుంచి రావాలని నాకు తోస్తోంది. గైడు రాతపూర్వకంగా వెనక్కి పంపినవారికే అది వర్తించాలి, తమంతట తాము దిగిపోయినవారికి కాదు. నగదే ఇవ్వనవసరం లేదు, వచ్చే సీజనులో సగం ఖర్చుతో మళ్ళీ రానిస్తే చాలు. పైకి చేరినవారు చేరనివారికోసం ఎందుకు చెల్లించాలంటే, పక్క టెంటులో దాచిన తలనొప్పి గడ్సర్ కనుమ మీద బయటపడితే ఆగిపోయేది బృందమంతా. ఆ మనిషిని మోయడానికి గైడులలో ఒకరు వెనక్కి వెళితే, మిగిలిన అందరినీ ఒక్కడే దాటించాలి. ప్రయాణ బీమా ఉందిగా అంటారు కొందరు. కొన్ని పాలసీలలో ఎత్తుకు పరిమితి ఉంటుంది, చాలావాటిలో ఇలా వెనక్కి రావడం నష్టంగా లెక్కకు రాదు, చదువుకోవాలి.

ఇందులోనూ గైడు మొహమాటపడి, స్నేహితుడైపోయిన ట్రెక్కరుకు జబ్బు లేకున్నా కాగితం రాసి ఇచ్చే అవకాశం ఉంది. ఆ మాత్రం మోసం జరిగితే జరగనీ అని నేను అనుకుంటాను. రెండు వైపుల మోసాలలో ప్రాణం మీదికి రానిది అదే.

గడ్సర్ సరస్సు సంగతి అన్నకు నేను ఇంతవరకు వివరంగా చెప్పలేదు. జూలైలో కూడా నీటి మీద మంచు పలకలు తేలుతున్నాయి, ఒడ్డు పొడుగునా పసుపు, ఊదా పూలు. గంగాబల్ దగ్గర హరముఖ్ శిఖరం కింద గడిపిన సాయంత్రం సంగతీ చెప్పలేదు. నడక ముగిసే నారానాగ్‌లో దిగాక 8వ శతాబ్దపు రాతి గుడి శిథిలాల ఫొటోలు మాత్రం చూపించాను. అవి యాగంటిలాగా ఉన్నాయా అని అడిగారు. లేవని చెప్పాను.

ఉత్తరంలో “తోటి సభ్యుడొకరి మాట పట్టుకొని” అన్న వాక్యాన్ని ఆయన తీసివేయలేదు, నేనూ తీసివేయమనలేదు. కారణం కాగితం మీద ఇవ్వలేదన్న అంశాన్ని, సోనామర్గ్‌లో అదనపు రాత్రి పెట్టలేదన్న అంశాన్ని పైకి తెచ్చి, ఆరోగ్యంగా ఉన్నానన్న పేరాను కిందికి తోశాము. సంస్థనుంచి వచ్చిన మొదటి జవాబులో వాపసు మాట లేదు, పట్టిక మార్చడం కుదరదని మాత్రం ఉంది. అన్న ఆగస్టు బృందంలో మళ్ళీ పేరు రాయించుకున్నారు, పూర్తి డబ్బు కట్టి. బృందం కంటే రెండు రోజులు ముందుగా బయలుదేరి సోనామర్గ్‌లో తన ఖర్చుతో గది తీసుకుంటారట. ఈసారి ఫారంలో కిందటి సంవత్సరం నిచ్నాయ్‌లో జరిగిందంతా రాయాలా అని నన్ను అడిగారు, రాయమన్నాను. రాస్తే తీసుకోకపోతే ఎవరు జవాబుదారీ అని అడిగారు. ఆ ప్రశ్నను కూడా ఉత్తరంలో చేర్చి రెండోసారి పంపాము.